కొలంబో చుట్టానికి కుప్పం పుస్తకం

మదనపల్లె నుంచి కుప్పం వెళ్లాలనుకునేవాళ్లకు ముందుగా ఒక మాట. పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా బస్సులు మారుతూ వెళితే సగం రోజు పడుతుంది. వెంట శ్రీలంక లైబ్రేరియన్ ఉంటే రోజంతా పడుతుంది. నేను వెళ్లింది రెండో పద్ధతిలో.

ఈ ప్రయాణానికి బీజం చెన్నైలో పడింది. ఇరుగుపొరుగు దేశాల గ్రంథాలయాలు ఒకదానికొకటి ఎలా సాయపడాలన్న విషయం మీద అక్కడ ఒక సభ పెట్టారు. మా మదనపల్లె పఠనాలయం రెండు గదులది. కమిటీ పెద్దల్లో ఎవరికీ తీరిక లేకపోవడంతో అందులో లైబ్రేరియన్‌గా ఉన్న ప్రేమమ్మను, అంటే నన్నే పంపారు. సభలో ఒక పెద్దమనిషి చాలాసేపు మాట్లాడాడు. తెల్లదొరల కాలంలో మద్రాసులో కొన్న ఒకే టికెట్టు మీద రైలూ పడవా దాటి కొలంబోలో దిగేవాళ్లట. పుస్తకాలూ పత్రికలూ అదే దారిన వెళ్లేవట. రెండు దేశాలకూ స్వాతంత్ర్యం వచ్చాక ఎవరి జెండా వాళ్లకు, ఎవరి కస్టమ్స్ వాళ్లకు వచ్చి, పుస్తకం మాత్రం ఒడ్డునే ఆగిపోయిందని ఆయన బాధపడ్డాడు. ఆ బాధ పూర్తికాకముందే భోజనాలకు పిలిచారు.

అప్పుడు వెనక వరుసలోంచి చీర కట్టుకున్న ఒకావిడ లేచి ఇంగ్లీషులో ఒక ప్రశ్న అడిగింది. మా ఊరి పిల్లలకు ఒక పెట్టెడు పుస్తకాలు కావాలి, ఎవరు పంపుతారు, ఏ దారిన వస్తాయి? వేదిక మీదివాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, దీనికోసం ఒక ఉపసంఘం వేస్తామన్నారు. ఆవిడ నా పక్క కుర్చీలో కూర్చుని తనలో తాను గొణుక్కుంది.

"కమిటీకి ఇంగో కమిటీ పుట్టె. అది నడిసేదెప్పుడో."

గొణిగింది తెలుగులో. నేను ఉలిక్కిపడి చూశాను. మెడలో వేసుకున్న కార్డు మీద శ్రీలంక అని ఉంది. పేరు సుమనావతి.

శ్రీలంకలో తెలుగు మాట్లాడే ఊళ్లు కొన్ని ఉన్నాయని నాకు ఆ రోజే తెలిసింది. ఒకప్పుడు పాములనూ కోతులనూ ఆడిస్తూ ఊరూరా తిరిగినవాళ్లు. ఎన్ని తరాల కిందట వెళ్లారో వాళ్లకూ తెలియదు. ఇప్పుడు స్థిరపడి పొలాలూ ఉద్యోగాలూ చేసుకుంటున్నారు. పేర్లు సింహళం, చదువు సింహళం, ఇంట్లో మాత్రం తెలుగు. ఆ తెలుగుకు రాత లేదు. రాయాల్సి వస్తే సింహళం అక్షరాల్లో రాసుకుంటారు. సుమనావతి వాళ్ల ఊరి పక్క గ్రంథాలయంలో పనిచేస్తోంది. సింహళం, ఇంగ్లీషు, కొంత తమిళం చదువుతుంది. తెలుగు చదవలేదు. పిల్లల ఇళ్లల్లో తెలుగు తగ్గిపోతోందని, వాళ్ల చేతిలో తెలుగు పుస్తకం ఒకటైనా పెట్టాలని ఆమె పట్టుదల.

"నాతో మదనపల్లెకు రా, నేనిస్తా," అని అప్పటికప్పుడు మాటిచ్చేశాను. సుమనావతి సంచి సర్దుకుని నిజంగానే వచ్చేసింది. తీరా మా కమిటీ ప్రెసిడెంటుగారిని అడిగితే పుస్తకం దేశం దాటాలంటే పైనుంచి ఆర్డరు రావాలన్నాడు. పైన అంటే ఎక్కడో ఆయనకూ తెలియదు. ఆమె తిరుగు విమానానికి ఎక్కువ గడువు లేదు. మాట తప్పడం ఇష్టం లేక నా దగ్గరున్న ఇద్దరు స్నేహితుల పేర్లు బయటికి తీశాను. పుంగనూరులో సరోజ, కుప్పంలో క్రిష్ణప్పన్న. ఇద్దరివీ సొంత పఠనాలయాలు. కమిటీలు లేవు. కుప్పంలో చెన్నై రైలు ఎక్కిస్తే అక్కడి నుంచి ఆమె విమానానికి వెళ్లిపోవచ్చు.

తెల్లవారగానే మదనపల్లె బస్టాండుకు చేరాం. టమాటా లారీలు ఊళ్లోకి వచ్చే వేళ కావడంతో ఆటో ముందుకు కదల్లేదు. ఆఖరి కాస్త దూరం సామాను మోసుకుంటూ నడిచాం. మీరు వెళితే మార్కెట్ యార్డు వైపు నుంచి మాత్రం రావద్దు.

బస్సులో కండక్టరు మా దగ్గరికి వచ్చి ఆధార్ కార్డులు చూపించమన్నాడు. మన రాష్ట్రంలో ఇప్పుడు ఆడవాళ్లకు టికెట్టు లేదు. నేను కార్డు చూపించాను. సుమనావతి పాస్‌పోర్టు తీసి ఇచ్చింది. ఆయన దాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి చూశాడు.

"ఇది సెల్లదు తల్లీ. ఆడోళ్లే గానీ మన ఆడోళ్లయి ఉండాల."

"మేం గూడా మీ ఆడోళ్లమే. రవంత ముందు పోయినాము, అంతే," అంది సుమనావతి.

బస్సంతా వినబడేలా నవ్వారు. ఆ యాస విని కండక్టరు ఆమె పక్కనే ఉన్న ఏ రామసముద్రం పిల్లో అనుకున్నాడు. తనను ఆటపట్టించడానికి పాస్‌పోర్టు తెచ్చారా అని అడిగాడు కూడా. చివరికి టికెట్టు కొట్టక తప్పలేదు. కొడుతూ తెగ నొచ్చుకున్నాడు. రెండు దేశాల సహకారం ఇంకా పల్లెవెలుగు దాకా రాలేదని నేను అంటే, ఆయనకు అర్థమైందో లేదో గానీ, ఆమెను కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టాడు. ఆ సీటు ఖాళీ చేసి ఇచ్చిన పెద్దాయన లేచే ముందు మాత్రం ఒక ప్రశ్న వేశాడు. క్రికెట్ ఆడేటప్పుడు ఆమె ఎవరి పక్క?

"గెల్సినోళ్ల పక్క," అంది సుమనావతి.

ఆయన నవ్వుకుంటూ వెనక సీటుకు వెళ్లాడు.

పుంగనూరుకు చేరేసరికి ఎండ పైకొచ్చింది. బస్టాండు ఎదురుగా చిన్న హోటల్లో ఇడ్లీ, కారం చట్నీ తిన్నాం. బాగుంటాయి కానీ చట్నీ మొదట వేలితో రుచి చూసి తర్వాత ముంచండి. సుమనావతి నేరుగా ముంచి కళ్లనీళ్లు పెట్టుకుంది. అయినా రెండోసారి వేయించుకుంది.

సరోజ ప్రైవేటు బళ్లో టీచరు. ఇంటి ముందు వరండాలో పిల్లల పఠనాలయం నడుపుతోంది. మనసు మంచిది, నోరు ఆగదు. మా కోసం ముందే పుస్తకాలు విడిగా పెట్టి ఉంచింది. బొమ్మల పుస్తకాలు, అక్షరాల పుస్తకాలు, జంతువుల కథలు. ఒకటి తీసి సుమనావతి చేతిలో పెట్టి చదవమంది. ఆమె దాన్ని పక్కకు పెట్టి, తనకు తెలుగు చదవడం రాదని చెప్పింది.

"సదవను రాని లైబ్రేరియనా అక్కా," అని సరోజ నాతోనే, కానీ ఆమెకు వినబడేట్టు అంది.

నాకు సిగ్గేసింది. సుమనావతి మాత్రం తొణకలేదు. సంచిలోంచి పెన్ను తీసి, సరోజ పేరు ఒక కాగితం మీద సింహళం లిపిలో గుండ్రంగా రాసి, ఇప్పుడు నువ్వు చదువు అన్నట్టు ముందుకు జరిపింది. సరోజ కాగితాన్ని ఎటు తిప్పి పట్టుకోవాలో తెలియక కాసేపు తంటాలు పడింది. ఆ తర్వాత ఇద్దరికీ ఎంత స్నేహం కలిసిందంటే, నన్ను పక్కన కూర్చోబెట్టి వాళ్లే బేరాలాడుకున్నారు. విమానంలో బరువు ఎక్కువైతే ఊరుకోరని సుమనావతి పుస్తకాలు తగ్గించడం, సరోజ వెనక నుంచి మళ్లీ సంచిలోకి దూర్చడం. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. వెళ్లేటప్పుడు సరోజ వీధి చివరిదాకా వచ్చి, అక్కడ కట్టేసి ఉన్న పుంగనూరు ఆవును చూపించింది. మోకాలెత్తు కంటే కాస్త ఎక్కువుంటుందేమో. బరువు సమస్య లేకుంటే దాన్ని కూడా సంచిలో పెట్టేదాన్నంది.

పలమనేరులో బస్సు మారాం. వి.కోట దాటాక రోడ్డు పక్కన అడవి దగ్గరైన కొద్దీ ఏనుగులున్నాయి జాగ్రత్త అన్న బోర్డులు కనబడ్డాయి. తమ ఊళ్లోనూ అవే బోర్డులని సుమనావతి చెప్పింది. ఆ సంగతి విన్న వెనక సీటు రైతు, వాళ్ల దేశం ఏనుగులు కూడా రాత్రిపూటే వచ్చి పంట తొక్కుతాయా అని అడిగాడు. తొక్కుతాయని ఆమె చెప్పగానే ఆయనకు ఊరట కలిగినట్టుంది. అక్కడి నుంచి కుప్పం దాకా ఇద్దరూ ఏనుగుల మీద ఫిర్యాదులే చెప్పుకున్నారు. చెన్నై సభలో కూడా రెండు దేశాలవాళ్లు ఇంత ఇష్టంగా మాట్లాడుకోలేదు.

కుప్పంలో దిగేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ ఎప్పుడో దాటిపోయి పొద్దు వాలుతోంది. క్రిష్ణప్పన్న ఇంట్లో రాగిసంగటి, మావైపు ఊరిబిండి అనే చెనక్కాయల పచ్చడి సిద్ధంగా ఉన్నాయి. సుమనావతి సంగటి ముద్ద చూసి నిలబడిపోయింది. తమ దేశంలో దీన్నే తలప అంటారని, వాళ్ల అవ్వ చేసేదని చెప్పి, కుప్పంవాళ్లలాగే నమలకుండా మింగింది. క్రిష్ణప్పన్న భార్య లక్ష్మమ్మకు ఆ ఒక్క పనితో ఆమె చుట్టమైపోయింది.

క్రిష్ణప్పన్నకు మాత్రం అంత తొందరగా కాలేదు. ఆయన రిటైరైన తెలుగు మాస్టరు. రైల్వే స్టేషనుకు దగ్గర్లో ఉన్న తన ఇంటి మేడ మీద పఠనాలయం పెట్టుకున్నాడు. కుప్పంలో తమిళం, కన్నడం, తెలుగు మూడూ కలిపి మాట్లాడే జనం మధ్య అచ్చమైన తెలుగును ఒంటి చేత్తో కాపాడుతున్నానని ఆయన నమ్మకం. ఎవరు పెళ్లిపత్రిక ఇచ్చినా ముందు ఎర్రపెన్నుతో తప్పులు దిద్ది, తర్వాతే పెళ్లికి వెళతాడు. మేం వచ్చిన పని చెప్పగానే ఆయన తల పంకించి ఒక పేచీ పెట్టాడు. పుస్తకాలిస్తాడు. కానీ ఒకరే ఇస్తూ పోతే అది దానం అవుతుంది, సహకారం కాదు. స్వతంత్ర దేశాలన్నాక ఇచ్చిపుచ్చుకోవాలి.

"మీరు ఏమి తెచ్చినారమ్మా?" అని అడిగాడు.

సుమనావతి తన దగ్గర తెలుగు పుస్తకం లేదని, తమ ఊళ్లో ఎవరూ రాయలేదని చెప్పింది. ఆమె ముఖం చిన్నబోయింది. అంతలోనే తలెత్తి, పుస్తకం లేదు కానీ అవ్వ చెప్పిన కథ ఒకటుంది, అది పనికొస్తుందా అంది.

ఆ సాయంత్రం మేడ మీద లక్ష్మమ్మ పిలుచుకొచ్చిన వీధి ఆడవాళ్లూ పిల్లలూ కూర్చున్నారు. క్రిష్ణప్పన్న కంప్యూటరు ముందు కూర్చుని టైపు చేయడానికి సిద్ధమయ్యాడు. సుమనావతి చెప్పిన కథ ఇది. వేటకు పోయిన రాజు అడవిలో దారి తప్పి, ఆకలితో ఒక ముసలమ్మ గుడిసె చేరుతాడు. కూడు పెట్టమంటాడు. ముందు తిరగలిలో రాగులు విసరమంటుంది ముసలమ్మ. నేను రాజునంటాడు. రాజువైతే రెండు చేతులతో విసురు అంటుంది. చెమటలు కారేలా విసిరి, కూడు తిని, ఇంకాస్త కావాలంటాడు. ఇంకాస్త విసరమంటుంది. ఆ రుచి మరవలేక తర్వాత ఆమెను రాజభవనానికి రమ్మని పల్లకీ పంపిస్తాడు. అక్కడ విసిరేదెవరని అడిగి ముసలమ్మ పల్లకీని తిప్పి పంపేస్తుంది. చివరికి రాజే కూడు కోసం ఏటేటా వచ్చి తిరగలి ముందు కూర్చుంటాడు.

మధ్యమధ్యలో ఒకటీ అరా సింహళం మాట వచ్చినా ఎవరికీ అడ్డం పడలేదు. రాజు విసురుతుంటే సుమనావతి రొప్పుతూ చేసిన శబ్దానికి పిల్లలు పడీపడీ నవ్వారు. అందరూ మెట్లు దిగాక కూడా కింద వీధిలో ఎవరో "రాజువైతే రెండు చేతులతో విసురు" అనడం వినబడింది. మేం ఆ రాత్రి క్రిష్ణప్పన్న ఇంట్లోనే పడుకున్నాం. కుప్పంలో స్టేషను దగ్గర లాడ్జీలున్నాయి కానీ లక్ష్మమ్మ మాటకు ఎదురు చెప్పడం నా వల్ల కాలేదు.

మర్నాడు టిఫిను వేళకు క్రిష్ణప్పన్న ఒక చిన్న కట్ట పట్టుకుని వచ్చాడు. కథను జెరాక్సు అంగట్లో పుస్తకంగా అచ్చు తీయించి, మధ్యలో పిన్నులు కొట్టించాడు. అట్ట మీద సుమనావతి పేరు తెలుగు అక్షరాల్లో పెద్దగా ఉంది. తన ఊరి తెలుగు మాట అచ్చులో చూడటం ఆమెకు అదే మొదటిసారి. అక్షరాల మీద వేలు పెట్టి మెల్లగా జరుపుతూ పోయింది. చదవలేదు కాబట్టి పుస్తకం నాకిచ్చి వినిపించమంది.

నేను మొదలుపెట్టాను. "పూర్వము ఒకానొక మహారాజు మృగయావినోదార్థము అరణ్యమునకేగెను."

రెండో వాక్యానికే నాకు సంగతి అర్థమైంది. నిన్నటి ముసలమ్మ వృద్ధురాలైంది. రాగులు ధాన్యమయ్యాయి. కూడు తిన్న రాజు "సంతుష్టిగా భుజించెను." రెండు చేతులతో విసరమన్న మాట "తమరు స్వహస్తములతో శ్రమింపుడు" అయి కూర్చుంది. క్రిష్ణప్పన్న తలాడిస్తూ తన వాక్యాలు తానే వింటున్నాడు. చివరిదాకా చదివాను.

"మా అవ్వ యాడుండాది దీంట్లో?" అని అడిగింది సుమనావతి.

క్రిష్ణప్పన్న ఓపిగ్గా వివరించాడు. మాట వేరు, రాత వేరు. అచ్చులోకి వచ్చేటప్పుడు తలదువ్వి తీసుకురావాలి. "రాజు కూడు తింటాడా అమ్మా? కూడు అంటే ఈడ మర్యాద గాదు. నలుగురు సదివితే మిమ్మల్నే తక్కువ సేస్తారు."

"మా ఊర్లో భోజనమనే మాట ల్యా. రాజైనా, నేనైనా కూడే." ఆమె గొంతు పెంచలేదు. "మీ బుక్కుల్ని నేను దిద్దల్యా. ఉండేది ఉండేట్టే తీసుకున్నా. నా మాటను మీరు యాల దిద్దుతారు? ఇది ఇచ్చుకునేదా, పుచ్చుకునేదా?"

క్రిష్ణప్పన్న భాష గురించి ఇంకేదో మొదలుపెట్టాడు. సుమనావతి లేచి సంచి విప్పింది. సరోజ ఇచ్చినవీ, రాత్రి కథ అయ్యాక ఆయన తన బీరువాలోంచి తీసిచ్చినవీ అన్ని పుస్తకాలూ ఒక్కొక్కటిగా బల్ల మీద పెట్టింది. కథ పుస్తకాలు వాటి పైన పెట్టింది. ఇవి పిల్లల చేతికిస్తే, మీ ఇంట్లో మాట్లాడేది తప్పు, ఇందులో ఉండేదే ఒప్పు అని చెప్పినట్టవుతుందని, దాని కంటే ఉత్త చేతులతో వెళ్లడం మేలని చెప్పింది. అంత దూరం నుంచి వచ్చిన మనిషి ఖాళీ సంచి మడుస్తుంటే నాకు ఏం చేయాలో తోచలేదు. లక్ష్మమ్మ భర్తను ఒక చూపు చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. క్రిష్ణప్పన్న చొక్కా తొడుక్కుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా మెట్లు దిగిపోయాడు. కోపమొచ్చి వెళ్లాడనే అనుకున్నాం.

చెన్నై రైలు మధ్యాహ్నానికి. నేను చెప్పి చెప్పి సరోజ పుస్తకాలు మాత్రం మళ్లీ సంచిలో పెట్టించాను. సరోజ ఒక్క మాటా దిద్దలేదు కదా అంటే సుమనావతి ఒప్పుకుంది. లక్ష్మమ్మ కట్టిచ్చిన సంగటి ముద్దలతో స్టేషనుకు వెళ్లాం. రైలు కాస్త ఆలస్యమన్నారు. ప్లాట్‌ఫారం మీద అరుగు చల్లగా ఉంది. నేను పిలిచి తెచ్చినందుకే ఇదంతా జరిగిందని నాకు ఒకటే మథనం.

రైలు వస్తోందని మైకులో చెబుతుండగా క్రిష్ణప్పన్న వంతెన మెట్లు దిగుతూ కనబడ్డాడు. చంకలో కాగితాల కట్ట, చేతిలో ఒక సంచి. ఆయన అలా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. రొప్పుతూ వచ్చి కట్టను నా చేతిలో పెట్టాడు.

"సదువు ప్రేమమ్మా. రైలు పోయేలోపల సదువు."

పుస్తకం ఇంకా ప్రింటరు వేడిమీదే ఉంది. నేను నిలబడే చదివాను. "ఒగ రాజు యాటకు పోయినాడంట." ముసలమ్మ ముసలమ్మే. రాగులు రాగులే. రాజు కూడు తిన్నాడు, ఇంగా పెట్టమన్నాడు. నిన్న సాయంత్రం సుమనావతి ఎక్కడ ఆగిందో వాక్యం అక్కడే ఆగింది. నా పక్కన ఆమె పెదవులు కదుపుతూ తనూ చెప్పుకుంటూ పోయింది. రైలు వచ్చి ఆగిన చప్పుడులో చివరి వాక్యాలు అరిచి చదవాల్సి వచ్చింది. అట్ట మీద సుమనావతి పేరు కింద 'పరిష్కర్త: క్రిష్ణప్ప' అని అచ్చయి ఉంది. ఆ పరిష్కర్త అన్న మాటను ఆయనే ఎర్రపెన్నుతో ప్రతి కాపీ మీదా కొట్టేసి, పక్కన 'రాసుకున్నవాడు' అని దిద్దాడు.

అంతమాత్రాన ఆయన పూర్తిగా ఓడిపోయాడని అనుకోకండి. చివరి పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో ఒక వివరణ పెట్టాడు. 'కూడు: అన్నము. రాజులు సైతము తినవచ్చును.' అది చదివి వినిపించగానే సుమనావతి మొదట అర్థం కానట్టు చూసి, తర్వాత పెట్టె మెట్టు మీద నిలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆ ఒక్కటీ ఉండనియ్యమంది.

ఆమె సీట్లో కూర్చోగానే ఆయన తన బీరువా పుస్తకాలున్న సంచిని కిటికీలోంచి అందించాడు. వాటిలో భాష తలదువ్వుకునే ఉంటుందని, తప్పదని, పిల్లలకు ఇంటి మాటా ఈ రాతా రెండూ తెలిసి ఉండాలని చెప్పాడు. ఆమె తీసుకుంది. కథ పుస్తకాల్లో సగం తన సంచిలో పెట్టుకుని సగం ఆయనకిచ్చింది. నాకూ ఒకటి దక్కింది. రైలు కదిలాక క్రిష్ణప్పన్న దాని వెంట నాలుగడుగులు నడిచి, వచ్చేసారి ఇంకో కథ తెమ్మని కేక వేశాడు. ఆమె చేతులు ఊపుతూ ఏదో అంది. ఏమందో మా ఇద్దరికీ వినబడలేదు. విసరమంది అని క్రిష్ణప్పన్న, వస్తానంది అని నేను.

రైలు పోగానే దొరికిన బస్సుకు తిరుగు ప్రయాణం కట్టాను. పలమనేరులో మారి పుంగనూరు మీదుగా మదనపల్లె పోయే బస్సు ఎక్కేసరికి కిటికీ సీటు దొరికింది. కథ పుస్తకం తీసి మళ్లీ చదువుకుంటూ ఉంటే పక్కన కూర్చున్నావిడ ఏం చదువుతున్నావు, ఒంటరిగా నవ్వుకుంటున్నావని అడిగింది. చౌడేపల్లె వైపు పాల ఆవులున్న మనిషి. నేను రాజు రాగులు విసిరే చోటు చదివి వినిపించాను. ఆమె నవ్వి, పుస్తకం లాక్కుని ముందు సీట్లోని చెల్లెలికిచ్చింది. చెల్లెలు దాన్ని ఇంకొకావిడకు వినిపించింది. ఇది ఏ ఊరి కథ అని ఎవరో అడిగితే, "ఇంగ యా ఊరిది, మన పక్కదే. మాట సూస్తే తెలీల్యా?" అని ఆ చౌడేపల్లె ఆవిడే జవాబు చెప్పింది. సముద్రం అవతలిది అని నేను సరిదిద్దబోయి ఊరుకున్నాను. దిద్దే పని ఆ రోజుకు చాలా అయింది.

పుంగనూరులో అక్కాచెల్లెళ్లు ఆటో కోసం హడావుడిగా దిగిపోయారు. బస్సు కదిలాక చూసుకుంటే పుస్తకం లేదు. వెళ్లేటప్పుడు ఆమె కిటికీ కింది నుంచి చెయ్యెత్తి, "సదివి ఇస్తాలే అమ్మా," అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. నా పేరూ అడగలేదు, ఊరూ అడగలేదు. ఇరవయ్యేళ్లుగా పుస్తకాలు ఇచ్చి రాబట్టడమే పనిగా బతికినదాన్ని, లేచి బస్సు ఆపమని అరవాలి. కూర్చునే ఉన్నాను. చెన్నై సభలో అంతమంది పెద్దలు కలిసి ఒక్క పుస్తకాన్ని ఒక్క అడుగు కదిలించలేకపోయారు. ఇదేమో పొద్దున కుప్పంలో పుట్టి, మధ్యాహ్నం కొలంబో దారి పట్టి, చీకటి పడేలోగా చౌడేపల్లె ఆటో ఎక్కింది.

మదనపల్లె లైట్లు కనబడుతుండగా క్రిష్ణప్పన్నకు ఫోను చేసి నా కాపీ పోయిందని, ఇంకొకటి కావాలని చెప్పాను. తన దగ్గరివి అప్పుడే వీధి పిల్లలు పట్టుకుపోయారని ఆయన చెప్పాడు. తర్వాత, ఎటూ మళ్లీ అచ్చు తీయించాలి కదా, ముసలమ్మ అన్న చోట కనీసం అవ్వగారు అని పెడితే ఎలా ఉంటుందని అడిగాడు.